యాభై దాటాక ఇమ్యూనిటీని ఎలా చూసుకోవాలి: కణాల ఇంధనం దగ్గర మొదలుపెడదాం

"ఇమ్యూనిటీ పెంచుకోవాలంటే ఏం చేయాలి?" అని అడిగేవాళ్లకి నేను చెప్పే మొదటి మాట, పెంచడం గురించి ఆలోచించకండి అనే. వయసు పైబడిన ఒంట్లో ఇమ్యూనిటీకి రెండు ఇబ్బందులు ఒకేసారి వస్తాయి. లేవాల్సినప్పుడు లేవదు. లేచాక ఒక పట్టాన పడుకోదు. ఫ్లూ వైరస్ లోపలికి వస్తే పరుగెత్తాల్సిన కణాలు బద్ధకిస్తాయి. అదే మనిషిలో ఏ క్రిమీ లేకపోయినా రక్తనాళాల గోడల్లో, కీళ్లలో, పొట్ట చుట్టూ పేరుకున్న కొవ్వులో సన్నటి ఇన్‌ఫ్లమేషన్, అంటే రోగనిరోధక కణాలు రేపే మంట, నివురుగప్పిన నిప్పులా ఏళ్ల తరబడి రగులుతూ ఉంటుంది. 2000లో ఇటలీ శాస్త్రవేత్త క్లాడియో ఫ్రాంచెస్కీ, ఆయన సహచరులు దీనికి 'ఇన్‌ఫ్లమేజింగ్' అని పేరు పెట్టారు. వయసుతో వచ్చే గుండెజబ్బు, షుగర్, మతిమరుపు లాంటి చాలా వాటిలో ఈ సెగ పాత్ర ఉంది.

ఈ రెండు ఇబ్బందుల వేళ్లూ చాలావరకు ఒకేచోట కలుస్తాయి. రోగనిరోధక కణం తనకి కావలసిన శక్తిని ఎలా తెచ్చుకుంటోంది అన్నదే ఆ చోటు. అది అర్థమైతే కింద చెప్పబోయే పనులు ఎందుకు చేయాలో మీకు ఎవరూ గుర్తుచేయనక్కర్లేదు. కాబట్టి మొదటి అడుగులో లేచి చేయాల్సిన పనేమీ లేదు, నింపాదిగా చదవండి చాలు.

మొదటి అడుగు: మీ టి కణం రోజంతా ఏం చేస్తుందో ఒకసారి చూడండి

ల్యాబ్‌లో టి కణాలు (క్రిములతో పోరాడే ఒక రకం తెల్లరక్తకణాలు) పెంచిన రోజుల్లో ఒక దృశ్యం నా మనసులో ఉండిపోయింది. కణాలకి పోషకంగా పోసే ద్రవంలో ఒక రంగు కలుపుతారు. మామూలుగా అది ఎర్రగా ఉంటుంది, ఆమ్లం పెరిగితే పసుపు పచ్చగా మారుతుంది. నిద్రపోతున్న టి కణాలు ఉన్న ఫ్లాస్క్ రెండు రోజులైనా ఎర్రగానే ఉంటుంది. పక్క ఫ్లాస్క్‌లో కణాలకి "శత్రువు వచ్చింది" అని సంకేతం ఇచ్చి పెడితే, కొద్ది రోజుల్లోనే నిమ్మరసం కలిపినట్టు పసుపు తిరిగిపోతుంది. కణాలు గ్లూకోజ్‌ని గబగబా మింగి లాక్టిక్ ఆమ్లం బయటికి వదిలేశాయన్నమాట.

జరిగేది ఇది. పని లేని టి కణం ఎర్ర రక్తకణమంత చిన్నగా ఉండి, తన మైటోకాండ్రియాలో, అంటే కణం లోపల శక్తి తయారుచేసే చిన్న భాగాల్లో, కొవ్వునీ గ్లూకోజ్‌నీ ఆక్సిజన్‌తో పొదుపుగా కాల్చుకుంటుంది. సంకేతం రాగానే ఉబ్బుతుంది, సుమారు ఒక రోజు తర్వాత చీలడం మొదలుపెడుతుంది, ఆపైన రోజుకి చాలాసార్లు చీలుతుంది. అంత వేగానికి గ్లూకోజ్‌ని సగంలోనే విరగ్గొట్టి వాడుకుంటుంది. ఒక గ్లూకోజ్ అణువుని మైటోకాండ్రియాలో పూర్తిగా కాలిస్తే సుమారు 30 ఏటీపీలు (కణం ఖర్చుపెట్టుకునే శక్తి అణువులు) వస్తాయి. ఇలా విరగ్గొడితే వచ్చేవి 2 మాత్రమే. నష్టమే కదా అనిపిస్తుంది గానీ, కొత్త కణాలు కట్టడానికి కావలసిన ముడిసరుకు ఈ దారిలోనే దొరుకుతుంది. క్యాన్సర్ కణాలు ఇదే పని చేస్తాయని 1920ల్లో ఓట్టో వార్‌బర్గ్ గమనించాడు. టి కణంతో తేడా ఎక్కడంటే, పోరాటం అయిపోయాక ఇది ఆగాలి. ఎక్కువ కణాలు చనిపోతాయి. మిగిలిన కొన్ని జ్ఞాపక కణాలుగా మారి మళ్లీ మైటోకాండ్రియా దారి పడతాయి. మంటని ఆర్పే రెగ్యులేటరీ టి కణాలు కూడా ఎక్కువగా మైటోకాండ్రియా మీదే ఆధారపడతాయి.

ఇప్పుడు వయసు సంగతి. మైటోకాండ్రియా ముసలివైతే ఈ రాకపోకలన్నీ దెబ్బతింటాయి. కణం వేగం అందుకోలేదు, అందుకున్నాక వెనక్కి తగ్గలేదు. దెబ్బతిన్న మైటోకాండ్రియా నుంచి వాటి డీఎన్ఏ ముక్కలు కణం లోపలే బయటపడతాయి. మైటోకాండ్రియా ఒకప్పటి బ్యాక్టీరియా సంతతి కాబట్టి, ఆ ముక్కల్ని చూసి కణం క్రిమి దూరిందనుకుని అలారం మోగిస్తుంది. శత్రువు లేని యుద్ధం అలా మొదలవుతుంది.

ఇది ఎంత దూరం పోతుందో 2020లో స్పెయిన్ శాస్త్రవేత్త మరియా మిట్టెల్‌బ్రన్ బృందం ఎలుకల్లో చూపించింది. వాళ్లు టి కణాల్లో మాత్రమే మైటోకాండ్రియా పనిచేయకుండా చేశారు, మిగతా ఒళ్లంతా మామూలే. ఆ ఎలుకలు వయసు రాకుండానే ముసలివైపోయాయి. కండరం కరిగింది, గుండె బలహీనపడింది, చురుకుదనం పోయింది. నా మటుకు ఈ విషయంలో ఇంతకంటే కళ్లు తెరిపించిన ప్రయోగం ఇంకొకటి లేదు. ఇమ్యూనిటీ కణాల శక్తి దెబ్బతింటే ఆ నష్టం జలుబు దగ్గుల దగ్గర ఆగదు, ఒళ్లంతటికీ పాకుతుంది.

ఇంకో రెండు పేర్లు గుర్తుంచుకోండి, కింద అవసరపడతాయి. కణం లోపల తిండి సమృద్ధిగా ఉందని చెప్పే స్విచ్ ఎంటార్. అది ఆన్‌లో ఉంటే కణం పెరుగుతుంది, చీలుతుంది. శక్తి తగ్గిందని చెప్పే స్విచ్ ఏఎంపీకే. అది ఆన్ అయితే కణం పాత సామాను తీసి శుభ్రం చేసుకుంటుంది, చెడిపోయిన మైటోకాండ్రియాని కరిగించి కొత్తవి కట్టుకుంటుంది. రెండూ కావాలి, వంతులవారీగా కావాలి. రోజంతా తింటూ కదలకుండా కూర్చుంటే మొదటి దానికి విశ్రాంతి ఉండదు, రెండో దానికి వంతు రాదు. కింది అడుగులన్నీ ఈ వంతుల్ని తిరిగి తెచ్చుకోవడానికే.

రెండో అడుగు: నాలుగు కొలతలు రాసిపెట్టుకోండి

టేపుతో నడుము కొలవండి. అది మీ ఎత్తులో సగం దాటితే పొట్ట లోపలి కొవ్వు ఎక్కువగా ఉందని అర్థం. ఆ కొవ్వులో మాక్రోఫేజ్ అనే రోగనిరోధక కణాలు చేరి రోజంతా ఇన్‌ఫ్లమేషన్ సంకేతాలు వదులుతుంటాయి. రక్తపరీక్షల్లో రెండు చాలు: మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ, ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ ఎంతుందో చెప్పే హై సెన్సిటివిటీ సీఆర్పీ. మొదటిది 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే షుగర్ గుమ్మం దగ్గర ఉన్నట్టు. రెండోది లీటరుకి 1 మిల్లీగ్రాము లోపు ఉంటే మంచిది, 3 దాటితే పట్టించుకోవాలి. 10 దాటితే ఎక్కడో ఇన్ఫెక్షనో దెబ్బో ఉండొచ్చు కాబట్టి డాక్టరుకి చూపించి, ఒళ్లు కుదుటపడ్డాక కొన్ని వారాలకి మళ్లీ చేయించండి. చిగుళ్ల నుంచి రక్తం కారుతుంటే ముందు దంతవైద్యుడి దగ్గరికి వెళ్లండి. చిగుళ్ల జబ్బు సీఆర్పీని నిశ్శబ్దంగా పెంచుతుంది.

నాలుగో కొలతకి కుర్చీ కావాలి. గోడకి ఆనించిన గట్టి కుర్చీలో కూర్చుని, చేతులు ఛాతీ మీద కట్టుకుని, 30 సెకన్లలో పూర్తిగా లేచి నిలబడి ఎన్నిసార్లు కూర్చోగలరో లెక్కపెట్టండి. 60 నుంచి 64 ఏళ్ల వయసులో మగవాళ్లు 14, ఆడవాళ్లు 12 కంటే తక్కువ చేస్తే కాళ్ల కండరం తగ్గినట్టే. తూలేవాళ్లు పక్కన ఒక మనిషిని పెట్టుకుని చేయాలి.

మూడో అడుగు: కండరాన్ని పనిలో పెట్టండి

ఒకవేళ ఈ మొత్తంలో ఒక్కటే చేస్తానంటే ఇది చేయండి. ఇమ్యూనిటీకి కండరానికి ఏం సంబంధం అని చాలామంది ఆశ్చర్యపోతారు. సంబంధం మూడు దారుల్లో ఉంది.

భోజనం తర్వాత రక్తంలోకి వచ్చిన గ్లూకోజ్‌లో ఎక్కువ భాగాన్ని లాగేసుకునేది కండరమే. కండరం తగ్గితే ఆ గ్లూకోజ్ రక్తంలో తిరుగుతూ ఉంటుంది. ఎక్కువ షుగర్‌లో న్యూట్రోఫిల్ అనే తెల్లరక్తకణాలు క్రిమిని సరిగ్గా వెంటాడలేవు, సరిగ్గా మింగలేవు. రెండోది, చీలుతున్న టి కణాలకి గ్లూకోజ్‌తో పాటు గ్లుటమిన్ అనే అమైనో ఆమ్లం కావాలి. ఒంట్లో దాని పెద్ద గోదాము కండరమే. జబ్బు చేసినప్పుడు కండరం కరిగిపోవడానికి ఇదీ ఒక కారణం. కూడబెట్టుకున్నవాళ్లకి అప్పుడు ఖర్చుపెట్టడానికి ఏదో ఒకటి ఉంటుంది. మూడోది, పనిచేసే కండరం తనే సంకేతాలు పంపుతుంది. వ్యాయామం చేసినప్పుడు కండరం నుంచి ఐఎల్-6 అనే పదార్థం కాసేపు ఉప్పెనలా వచ్చి తగ్గిపోతుంది, దాని వెనకే మంటని ఆర్పే ఐఎల్-10 పెరుగుతుంది. ఇదే ఐఎల్-6 పొట్ట కొవ్వు నుంచి రోజంతా కొద్దికొద్దిగా కారుతుంటే మాత్రం అది రగులుతున్న నిప్పుకి గుర్తు. పదార్థం ఒకటే. వచ్చి పోవడంలోనే మేలు ఉంది.

మన రొమ్ము ఎముక వెనుక థైమస్ అనే గ్రంథి ఉంటుంది. కొత్త టి కణాలు తయారయ్యేది అక్కడే. కౌమారం దాటాక అది కుంచించుకుపోతూ కొవ్వుగా మారుతుంది, అందుకే పెద్దవయసులో కొత్త టి కణాలు తక్కువ. 2018లో బ్రిటన్ శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి సైకిల్ తొక్కుతున్న 55 నుంచి 79 ఏళ్ల వాళ్లని 125 మందిని పరీక్షించారు. అదే వయసులో వ్యాయామం లేనివాళ్లతో పోలిస్తే వీళ్ల రక్తంలో థైమస్ నుంచి కొత్తగా వచ్చిన టి కణాలు బాగా ఎక్కువ ఉన్నాయి. థైమస్‌ని పోషించే ఐఎల్-7 కూడా ఎక్కువే. సైకిల్ తొక్కడం వల్లే ఇలా ఉన్నారా, ఆరోగ్యంగా ఉన్నారు కాబట్టి తొక్కగలిగారా అన్న ప్రశ్న ఇలాంటి అధ్యయనాల్లో ఎప్పుడూ ఉంటుంది. అయినా నేను తొక్కడం వైపే ఉంటాను.

ఎలా మొదలుపెట్టాలంటే, మొదటి రెండు వారాలు రోజూ కుర్చీలోంచి లేచి కూర్చోవడం చేయండి. 8 సార్లు, ఒక నిమిషం విశ్రాంతి, మళ్లీ 8 సార్లు. దిగేటప్పుడు దబ్బున కూలబడకుండా మూడు అంకెలు లెక్కపెడుతూ నెమ్మదిగా దిగండి. ఆ దిగడంలో కూడా కండరం బాగా పనిచేస్తుంది. దానితో పాటు ప్రతి భోజనం తర్వాత 10 నిమిషాల నడక. మూడో వారం నుంచి వారానికి రెండు రోజులు బరువులతోనో రబ్బరు బ్యాండ్‌తోనో కాళ్లకి, వీపుకి, భుజాలకి పని చెప్పండి. చివరి రెండుసార్లు కష్టంగా అనిపించేంత బరువు ఉండాలి. నడక నెమ్మదిగా పెంచుకుంటూ వారానికి 150 నిమిషాలకి తీసుకెళ్లండి. నడుస్తూ మాట్లాడగలగాలి, పాడలేకపోవాలి. అదీ వేగం. 65 దాటినవాళ్లు వారానికి మూడుసార్లు బ్యాలెన్స్ కోసం కూడా ఏదైనా చేయాలి. గుండెజబ్బు ఉన్నా, నడిస్తే ఛాతీ పట్టేసినట్టు ఉన్నా ముందు డాక్టరుతో మాట్లాడాకే ఇవన్నీ.

జ్వరం ఉన్న రోజు వ్యాయామం వద్దు. ఆ రోజు శక్తంతా వేరే పనికి కావాలి.

నాలుగో అడుగు: తిండికి తిండికి మధ్య ఖాళీ ఉంచండి, ప్రోటీన్ మాత్రం తగ్గించకండి

అమెరికాలో జరిగిన క్యాలరీ అనే ప్రయోగంలో ఆరోగ్యంగా ఉన్న పెద్దలు రెండేళ్ల పాటు రోజూ తినేదాన్ని సుమారు 14 శాతం తగ్గించుకున్నారు. వాళ్ల థైమస్‌ని ఎంఆర్ఐ తీసి చూస్తే అందులో కొవ్వు తగ్గి, పనిచేసే భాగం పెరిగింది. యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన విశ్వదీప్ దీక్షిత్ బృందం 2022లో ఈ ఫలితం ప్రచురించింది. థైమస్ వెనక్కి రాదనే అప్పటిదాకా అందరం అనుకునేవాళ్లం.

అలాగని రేపటి నుంచి పస్తులుండకండి. ఆ ప్రయోగంలో ఉన్నది యువకుల నుంచి నడివయసువాళ్ల దాకానే, ముసలివాళ్లు కాదు. డెబ్బై దాటి, సన్నగా ఉండి, తెలియకుండానే బరువు తగ్గుతున్న మనిషికి తిండి తగ్గిస్తే ముందు పోయేది కండరం, దానితో పాటు ఇమ్యూనిటీ. అలాంటివాళ్లకి తిండి పెంచాలి. బరువు ఎందుకు తగ్గుతోందో కూడా కనుక్కోవాలి.

మిగతావాళ్లు చేయగలిగింది తేలికే. రాత్రి భోజనం త్వరగా ముగించి ఉదయం దాకా 12 గంటలు ఖాళీ ఇవ్వండి. భోజనాల మధ్య చిరుతిళ్లు, తీపి డ్రింకులు ఆపండి. షుగర్‌కి ఇన్సులిన్ తీసుకునేవాళ్లు గానీ, షుగర్ పడిపోయే ప్రమాదం ఉన్న మాత్రలు వేసుకునేవాళ్లు గానీ డాక్టరుని అడగకుండా ఈ ఖాళీ పెంచకూడదు. ప్రోటీన్ కిలో బరువుకి రోజుకి 1 నుంచి 1.2 గ్రాములు ఉండాలి. 60 కిలోల మనిషికి 60 నుంచి 72 గ్రాములు. ఒకే పూట కాకుండా మూడు పూటలా సర్దుకోండి. కిడ్నీ జబ్బు ఉంటే ఈ లెక్క వర్తించదు, మీ డాక్టరు చెప్పిందే లెక్క.

పీచు గురించి ఒక్క మాట. పీచుని మనం అరిగించుకోలేం, పెద్దపేగులో బ్యాక్టీరియా దాన్ని తిని బ్యూటిరేట్ అనే చిన్న కొవ్వు ఆమ్లం తయారుచేస్తుంది. పేగు గోడ కణాలకి అదే ముఖ్యమైన ఇంధనం. ఎలుకల్లో అది రెగ్యులేటరీ టి కణాల్ని పెంచుతుందని 2013లో ఒకటికి మించి ల్యాబ్‌లు చూపించాయి. అంటే మంట ఆర్పేవాళ్లకి తిండి పెట్టేది కూరగాయలు, పప్పులు, పొట్టు తీయని ధాన్యాలు. ఒకేసారి పెంచితే కడుపు ఉబ్బరిస్తుంది, వారానికి కొంచెం చొప్పున పెంచండి.

ఐదో అడుగు: నిద్ర

ఏడు గంటలు. 2015లో ప్రచురించిన ఒక ప్రయోగంలో 164 మంది ముక్కుల్లో జలుబు వైరస్ చుక్కలు వేసి చూశారు. ఆరు గంటల కంటే తక్కువ నిద్రపోయేవాళ్లకి జలుబు పట్టే అవకాశం, ఏడు గంటలు దాటి పడుకునేవాళ్లతో పోలిస్తే నాలుగు రెట్లు పైనే. గట్టిగా గురకపెడుతూ మధ్యలో ఊపిరి ఆగుతున్నట్టు ఇంట్లోవాళ్లు చెబితే దాన్ని తేలిగ్గా తీసుకోకండి, నిద్ర పరీక్ష చేయించుకోండి.

ఆరో అడుగు: టీకాలకి ఒక ప్లాన్ వేసుకోండి

బద్ధకించే కణాల్ని శత్రువు రాకముందే లేపి తర్ఫీదు ఇచ్చే దారి ఇదొక్కటే. పెద్దవాళ్ల కోసం తయారుచేసినవి మామూలు వాటికంటే గట్టిగా ఉండేది అందుకే. 65 దాటినవాళ్ల హైడోస్ ఫ్లూ టీకాలో మామూలు దానికంటే నాలుగు రెట్లు యాంటిజెన్ (వైరస్‌ని గుర్తుపట్టేలా కణాలకి చూపించే పదార్థం) ఉంటుంది. నడుముకో ముఖానికో ఒక పక్కన పొక్కులు లేచి నెలల తరబడి నొప్పిపెట్టే షింగిల్స్‌కి వచ్చిన కొత్త టీకాలో కణాల్ని గట్టిగా తట్టిలేపే పదార్థం కలుపుతారు. డెబ్బై దాటినవాళ్లలో కూడా అది పెద్ద ట్రయల్స్‌లో 90 శాతం దాకా పనిచేసింది. ముసలి టి కణాలు పూర్తిగా చేవ చచ్చినవి కావనడానికి ఇంతకంటే రుజువు ఏం కావాలి? దాన్ని 50 ఏళ్ల నుంచి, 2 నుంచి 6 నెలల తేడాతో రెండు డోసులు ఇస్తారు.

డాక్టరుని ఈ నాలుగింటి గురించి అడగండి: ఫ్లూ, న్యుమోకోకల్ న్యుమోనియా, షింగిల్స్, ఊపిరితిత్తులకి సోకే ఆర్ఎస్‌వీ అనే వైరస్. మీ వయసుకి, మీ జబ్బులకి ఏవి కావాలో ఒక కాగితం మీద రాయించుకోండి. స్టెరాయిడ్లు, కీమోథెరపీ, ఇమ్యూనిటీని తగ్గించే మందులు వాడుతుంటే ముందే చెప్పాలి, కొన్ని టీకాలు అలాంటప్పుడు ఇవ్వకూడదు. వీలుంటే ఫ్లూ టీకాకి ఉదయమే వెళ్లండి. బ్రిటన్‌లో 65 దాటిన 276 మందిలో చేసిన అధ్యయనంలో ఉదయం తీసుకున్నవాళ్లకి మూడింట రెండు ఫ్లూ రకాలకి యాంటీబాడీలు ఎక్కువ వచ్చాయి. మధ్యాహ్నమే కుదిరితే మధ్యాహ్నమే వేయించుకోండి, వాయిదా మాత్రం వేయకండి.

ఏడో అడుగు: ఇవి మింగే ముందు ఆగండి

2014లో ఒక ఆశ్చర్యకరమైన ఫలితం వచ్చింది. ఎంటార్ స్విచ్‌ని కొద్దిగా తగ్గించే మందుని చిన్న డోసులో 65 దాటిన వలంటీర్లకి కొన్ని వారాలు ఇచ్చి ఆపి, తర్వాత ఫ్లూ టీకా వేస్తే యాంటీబాడీలు సుమారు 20 శాతం ఎక్కువ వచ్చాయి. అందరిలో ఆశ పెరిగింది. 2019లో అదే కోవకి చెందిన మరో మందుతో పెద్ద ట్రయల్ జరిగితే, ఊపిరితిత్తుల జబ్బులు తగ్గలేదు. కాబట్టి ఎంటార్‌ని తగ్గించే ర్యాపమైసిన్ అనే మందుని ఆన్‌లైన్‌లో తెప్పించుకుని మింగడం నేను ఎవరికీ చెప్పను.

ఎన్ఏడీ క్యాప్సూల్స్ సంగతి కూడా అంతే. శక్తి తయారుచేయడానికి మైటోకాండ్రియాకి ఎన్ఏడీ అనే అణువు అవసరం, వయసుతో అది తగ్గేదీ నిజం. కానీ ఇన్‌ఫ్లమేషన్ ఉన్నచోట మాక్రోఫేజ్‌ల మీద సీడీ38 అనే ఎంజైమ్ పెరిగి ఎన్ఏడీని కొరికేస్తుందని 2020లో ఎలుకల్లో తేలింది. చిల్లు మూయకుండా కుండలో నీళ్లు పోస్తే ఎంతసేపు నిలుస్తాయి?

మెట్‌ఫార్మిన్ షుగర్ కోసం వాడుతుంటే వాడండి, మానొద్దు. షుగర్ లేనివాళ్లు వయసు తగ్గడానికని మొదలుపెట్టడం వేరు. 2019లో 65 దాటినవాళ్లకి 14 వారాలు బరువుల వ్యాయామం చేయిస్తే, మెట్‌ఫార్మిన్ తీసుకున్నవాళ్లకి కండరం తక్కువ పెరిగింది. మూడో అడుగులో సంపాదించింది ఇక్కడ పోగొట్టుకుంటామా? మంట తగ్గుతుందని నొప్పి మాత్రలు రోజూ వేసుకోవడం ఇంకా ప్రమాదం. కడుపులో రక్తస్రావం, కిడ్నీ దెబ్బతినడం పెద్దవయసులో తేలిగ్గా జరుగుతాయి.

ఎనిమిదో అడుగు: జ్వరం లేని ఇన్ఫెక్షన్‌ని పట్టుకోవడం నేర్చుకోండి

మా అమ్మకి 78 ఏళ్లప్పుడు ఒక రోజు పొద్దున టీ వద్దంది. మధ్యాహ్నం అన్నం కూడా వద్దంది. సాయంత్రానికి నన్ను చూసి చనిపోయిన పిన్ని పేరుతో పిలిచింది. థర్మామీటర్ పెడితే 37.3 డిగ్రీలు. "జ్వరం లేదులే, నీరసం" అనుకుని ఆ రాత్రి పడుకున్నాం. మర్నాడు ఎక్స్‌రేలో న్యుమోనియా కనిపించింది. అప్పటికే కుడి ఊపిరితిత్తి కింది భాగం తెల్లగా ఉంది. అమ్మ కోలుకుంది గానీ, ఆ పోయిన రాత్రి నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

జ్వరం తెచ్చుకోవడానికి కూడా శక్తి కావాలి. సంకేతం పంపే కణాలు, వేడి పుట్టించే కండరం, రెండూ తగ్గినప్పుడు థర్మామీటర్ ఎక్కువ పైకి పోదు. అందుకని ఆరోగ్యంగా ఉన్న వారంలో నాలుగు రోజులు, ఒకే సమయానికి, ఇంట్లో పెద్దవాళ్ల ఉష్ణోగ్రత నోట్లో పెట్టి చూసి సగటు రాసుకోండి. ఆ సగటు కంటే 1.1 డిగ్రీల సెల్సియస్ పెరిగితే అది వాళ్లకి జ్వరమే, అంకె 37.5 దాటకపోయినా సరే. 37.8 ఒక్కసారి కనిపించినా జ్వరమే. అసలు ఉష్ణోగ్రత పెరగకపోయినా ఉన్నట్టుండి తికమక, కింద పడిపోవడం, తిండి మానేయడం, నిద్రమత్తు, ఆయాసం ఇవేవైనా ఒక్క రోజులో కొత్తగా వస్తే అదే రోజు డాక్టరుకి చూపించండి. మాట తికమకగా ఉండి ఆయాసం కూడా ఉంటే నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

ఆ సగటుని, వేసుకున్న టీకాల తేదీల్ని, వాడుతున్న మందుల పేర్లని ఒకే కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించండి. రాత్రి పూట ఫోన్ చేయాల్సిన నంబరు పై వరుసలో, పెద్ద అంకెల్లో ఉండాలి. మూడు నెలలకి ఒకసారి కుర్చీ పరీక్ష అంకె, నడుము కొలత అదే కాగితం మీద పాతవాటి పక్కనే రాయండి.